సుబ్బాయమ్మ కుడిచెయ్యి

శ్రావణంలో మూసుకున్న సుబ్బాయమ్మ కుడిచెయ్యి దసరా దాటినా తెరుచుకోలేదు. బొటనవేలు లోపల, మిగతా వేళ్ళు దాని మీద, ముడేసినట్టు బిగుసుకుపోయాయి. నిద్రలో కాస్త సడలేవి, మెలకువ రాగానే మళ్ళీ బిగిసేవి. గోళ్ళు గుచ్చుకుని అరచెయ్యి పుండు పడకుండా మొగుడు నరసింహం రోజూ పాత పంచె ముక్కొకటి వేళ్ళ సందున దూర్చేవాడు. అన్నం కూడా అతనే కలిపి ముద్దలు పెట్టేవాడు. ఎడంచేత్తో తినడానికి ఆవిడకి మనసొప్పలేదు. మొగుడు పెడుతుంటే గోడకేసి చూస్తూ తినేది.

హంసలదీవి పక్క పాలెంలో పుట్టి, ఆ పాలెంలోనే కాపురం చేసిన మనిషి. చేపల గంపతో కోడూరు, అవనిగడ్డ తిరిగింది. మొగుడితో పాటు పడవెక్కి వల లాగే ఆడవాళ్ళు ఆ పాలెంలో ఇద్దరో ముగ్గురో ఉంటే వాళ్ళలో ఈవిడొకతె.

శ్రావణంలో ఆ రోజు నరసింహం, అతని తమ్ముడు వాసు, సుబ్బాయమ్మ ముగ్గురూ వేటకెళ్ళారు. పొద్దెక్కాక తిరిగొస్తుంటే మొగ దగ్గర, అంటే కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఇంజను ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. పక్కనుంచి వచ్చిన కెరటం దాన్ని బోర్లా పడేసింది. నరసింహం పడవ అడుగు పట్టుకుని ఒకవైపు కొట్టుకుపోయాడు. సుబ్బాయమ్మ కుడిచేతికి ఒక ఖాళీ ఆయిల్ డబ్బా తాడు దొరికింది. ఎడంచేతికి మరిది చెయ్యి దొరికింది. సాయంత్రం వేరే పడవ వాళ్ళు ఆవిడ్ని పైకి లాగేసరికి కుడిచేతిలో తాడుంది, ఎడంచెయ్యి ఖాళీగా ఉంది. వాసు శవం మర్నాడు ఎదురుమొండి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

తాడు కోసి తీశారు. చెయ్యి మాత్రం తెరుచుకోలేదు.

గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. బందరు తీసుకెళ్తే ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి, నరాల పరీక్ష చేయించి, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. "బాగుంటే తెరుచుకోదేమండీ?" అని సుబ్బాయమ్మ నిలదీసింది. ఆయన విసుక్కోలేదు. "చేతికి జబ్బు లేదమ్మా. మీరు పడ్డ భయం ఒంట్లోంచి పోలేదు. దానికి వేరే వైద్యం ఉంది," అని అదే వీధిలో ఉన్న హరిణి దగ్గరికి పంపాడు.

హరిణి గుడివాడలో ఒక బడి మాస్టారి కూతురు, ఒంట్లో దాగిన భయాలకి మందుల్లేకుండా వైద్యం చేస్తుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గదిలో రెండు కుర్చీలు, కింద చాప, కిటికీ బయట బాదం చెట్టు. మందుసీసాలు కనబడక సుబ్బాయమ్మకి అనుమానం వచ్చింది.

"జరిగిందంతా చెప్పాలా?" అంది కూర్చుంటూనే. పోలీసులకి, చేపల శాఖ ఆఫీసు వాళ్ళకి, పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళకి చెప్పి చెప్పి ఆవిడకి విసుగొచ్చింది.

"ఇవాళ వద్దండీ. మీకు చెప్పాలనిపించిన రోజు చెబుదురుగాని. ముందు మీ పాదాలు నేల మీద ఆనుతున్నాయో లేదో చూడండి."

సుబ్బాయమ్మ కిందికి చూసింది. మునివేళ్ళే నేలకి తగులుతున్నాయి, మడమలు పైకి లేచి ఉన్నాయి. తను అలా కూర్చుంటోందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

హరిణి మడమలు దించమంది. గది నాలుగు మూలలూ తాపీగా చూడమంది. వీపుకి కుర్చీ తగులుతోందా అని అడిగింది. సుబ్బాయమ్మకి ఒళ్ళు మండింది. ఇంతదూరం బస్సెక్కి వచ్చింది కుర్చీలో కూర్చోవడం నేర్చుకోడానికా?

"ఇప్పుడు ఆ పిడికిలి ఇంకా గట్టిగా బిగించండి," అంది హరిణి.

"బిగించడమా? తెరవమనరేం?"

"అందరూ తెరవమనే అంటున్నారు కదండీ. అది పట్టుకోవాలనుకుంటోంది. కాసేపు పట్టుకోనిద్దాం. ఇష్టం లేకపోతే మానేయండి, బలవంతమేం లేదు."

బిగించింది. భుజం దాకా నరం లాగింది. "చాలు, మెల్లగా వదలండి" అనగానే మోచెయ్యి సన్నగా వణకడం మొదలెట్టింది. ఆ వణుకు మెడలోకి, దవడలోకి పాకింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. సుబ్బాయమ్మ లేచి నిలబడింది. "చలిజ్వరం తెప్పించావు నాకు!" అని, హరిణి ఏదో చెప్పబోతుంటే వినకుండా బయటికొచ్చేసింది.

"ఇంక పోవద్దులే," అన్నాడు నరసింహం బస్టాండులో. ఆవిడ సరేనంది. కానీ ఆ రాత్రి చాలా కాలం తర్వాత పక్కకి తిరిగి, ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది. పొద్దున్న లేచి చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. పిడికిలి అలాగే ఉంది, భుజంలో బరువు మాత్రం తగ్గింది.

"వచ్చేవారం వెళ్తున్నాను," అంది మొగుడితో. "నువ్వు రాకపోయినా వెళ్తాను."

అలా ప్రతివారం వెళ్ళింది. మూడు బస్సులు మారాలి. పులిగడ్డ దగ్గర బస్సు నది దాటేటప్పుడు కిటికీలోంచి నీళ్ళు కనబడేవి. మొదట్లో కళ్ళు మూసుకునేది. హరిణి చెప్పాక, కళ్ళు తెరిచే ఉంచి, మడమలు బస్సు నేలకి అదిమి, ముందు సీటు కమ్మీని, పక్కామె చీర రంగుని, కండక్టరు మొహాన్ని ఒక్కొక్కటే చూసుకుంటూ దాటేది. ఒంట్లో వణుకొస్తే రానిచ్చేది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని ఎవరైనా అడిగితే "బాగుపడుతున్నాను" అనేది. ఇంటి దగ్గర గోడకి రెండు చేతులూ ఆనించి నెట్టేది. పక్కింటివాళ్ళు చూసి నవ్వుకున్నా లెక్కచెయ్యలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు, గదిలో కూర్చున్న కాసేపటికి సుబ్బాయమ్మ "ఎడంచెయ్యి చల్లబడిపోతోంది," అంది.

అన్నాళ్ళూ ఇద్దరూ కుడిచెయ్యి గురించే మాట్లాడుకున్నారు. హరిణి కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "ఎక్కణ్ణుంచి మొదలవుతోందండీ?"

"వేళ్ళ నుంచి." సుబ్బాయమ్మ ఆ చేతినే చూస్తోంది. "వాసుని దీంతోనే పట్టుకున్నాను. తలకి దెబ్బ తగిలి సగం స్పృహలో ఉన్నాడు. వదినా, వదినా అంటూనే ఉన్నాడు. తర్వాత అనలేదు. నా వేళ్ళకి తిమ్మిరెక్కింది. ఒక కెరటం మా మీద నుంచి పోయింది. తలెత్తేసరికి వాడు లేడు. వాడు జారిపోయాడా, నేనే వదిలేశానా, నాకు తెలీదు. వాడి అన్నకి జారిపోయాడనే చెప్పాను."

నీ తప్పేం లేదని పాలెంలో అందరూ అన్నారు. హరిణి అనలేదు. ఆ ఎడంచేతినే చూస్తూ అడిగింది.

"ఇప్పుడు ఈ నిమిషంలో ఆ చెయ్యి ఏం చెయ్యాలనుకుంటోంది?"

"లాగాలి," అంది సుబ్బాయమ్మ వెంటనే. "వాణ్ణి లాగాలి."

హరిణి లేచి అలమరలోంచి పెద్ద తువ్వాలు తీసింది. ఒక కొస ఆవిడ ఎడంచేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, చాప మీద కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. "లాగండి. మీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా, ఇష్టం వచ్చినంత గట్టిగా. నేను ఇక్కడే ఉన్నాను."

సుబ్బాయమ్మ లాగింది. మొదట మొహమాటంగా లాగింది. తర్వాత మోకాళ్ళు వంచి, నడుం బలమంతా పెట్టి, వల లాగినట్టు లాగింది. గొంతులోంచి ఆవిడెప్పుడూ వినని అరుపొకటి వచ్చింది. "రారా! పైకి రారా!" అని అరిచింది. హరిణి తూలిపోయి మళ్ళీ నిలదొక్కుకుంది, కొస వదల్లేదు. సుబ్బాయమ్మ కాళ్ళు గడగడా వణికాయి, కళ్ళనీళ్ళు ధారలు కట్టాయి. ఆవిడ లాగుతూనే ఉంది.

అలిసిపోయి చాప మీద కూలబడ్డాక హరిణి మెల్లగా, "సుబ్బాయమ్మగారూ, ఒకసారి మీ చేతులు చూసుకోండి," అంది.

తువ్వాలుని రెండు చేతులూ పట్టుకుని ఉన్నాయి. ఒక్క చెయ్యి చాలక, కుడిచెయ్యి ఎప్పుడు తెరుచుకుందో, ఎప్పుడు వచ్చి సాయం పట్టిందో, ఆవిడకే తెలియలేదు. పంచె ముక్క చాప మీద పడి ఉంది.

ఆ సాయంత్రం పులిగడ్డ దగ్గర చెయ్యి మళ్ళీ మూసుకుంది. ఏడుపొచ్చింది కానీ బెదరలేదు. ఒకసారి తెరుచుకున్న చెయ్యి ఇంకోసారి తెరుచుకోదా అనుకుంది. ఇంటికెళ్ళి, వాసు సంగతి తనకి తెలిసింది తెలిసినట్టు నరసింహానికి చెప్పింది. అతను ఆవిడ ఎడంచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎండాకాలం మొదలయ్యేసరికి వేళ్ళు రోజులో చాలాసేపు తెరుచుకునే ఉండేవి. కత్తిపీట ముందు కూర్చుంది. ఒకరోజు ఉన్నట్టుండి, "మొగ దగ్గరికి వెళ్దాం," అంది.

నరసింహం శ్రావణం నుంచి సముద్రం మీదికి వెళ్ళలేదు. రొయ్యల చెరువుల దగ్గర పనికి వెళ్తున్నాడు. "నీకు పిచ్చా?" అన్నాడు.

"పిచ్చి పట్టకూడదనే కదా ఇన్నాళ్ళు బందరు తిరిగింది. పడవెక్కకపోతే నేను బాగుపడినట్టు కాదు."

తొందరపడొద్దని హరిణి చెప్పింది. అందుకని ముందు ఒడ్డున కట్టేసిన పడవలో ఊరికే కూర్చున్నారు. తర్వాత మడచెట్ల మధ్య కాలువలో తిరిగారు. కాలువలో చెయ్యి మూసుకోని రోజు వచ్చాక, ఎండాకాలంలో ఏటా పెట్టే వేట నిషేధం ఇంకా మొదలవకముందు, గాలి లేని ఒక ఉదయం మొగ దాకా వెళ్ళారు.

నీళ్ళ రంగు మారే చోటు కనబడగానే వేళ్ళు ముడుచుకున్నాయి. ఊపిరి ఆగింది. నరసింహం చూశాడు. "వెనక్కి తిప్పనా?"

"వద్దు. ఇంజను ఆపకు, మెల్లగా పోనీ."

మడమలు పడవ అడుగుకి అదిమింది. దూరంగా మడచెట్లు చూసింది, కొంగల్ని చూసింది. పిడికిలిని కావాలనే ఇంకా బిగించి, ఊపిరి వదులుతూ వదిలింది. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు, సగం తెరుచుకున్నాయి. ఆ సగం చేత్తోనే నీళ్ళు ముట్టుకుంది. "వాసూ," అంది. ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పైకి అనడం లేదు. "వాసూ, మేమొచ్చాంరా," అని మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.

వెనక్కి తిరిగి చూసింది. నరసింహం ఇంజను పిడి పట్టుకుని కూర్చున్నాడు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, దవడ బిగుసుకుని ఉంది, మడమలు పడవకి ఆనడం లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాడో! ఎదురుగా కూర్చుని ముద్దలు పెట్టిన మనిషిని తను ఒక్కసారైనా సరిగ్గా చూసుకుందా?

"మావా, కాళ్ళు కింద ఆనించు," అంది.

అతను అయోమయంగా చూసి ఆనించాడు. పడవ ఒడ్డు వైపు తిప్పాక, చాలాదూరం వచ్చాక అడిగాడు. "ఆ అమ్మాయి మగవాళ్ళని కూడా చూస్తుందా?"

"చూస్తుంది," అంది సుబ్బాయమ్మ. "మంగళవారం పొద్దున్నే బస్సుంది. ఇద్దరం వెళ్దాం."