అన్నిటికీ గ్యాసే

మన కొల్లేరు వైపు ఛాతీలో ఏం వచ్చినా దానికి పేరొక్కటే, గ్యాసు. ఎదురుగా మనిషి గుండె ఆగి పోతున్నా సరే, ఊరు ఊరంతా సోడా కోసం పరిగెడుతుంది. నిరుడు వీరరాఘవమ్మ బావగారు అలాగే, సగం సోడా తాగి, గ్యాసేలెమ్మంటూనే పోయారు.

ఇప్పుడు ఆమె భర్త వంతు. చేలోకి కోత మిషను దిగే వేళకి వెంకట్రాజు గట్టు మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఎడమ చెయ్యి లాగేస్తోందంటూనే సోడా తెమ్మన్నాడు. బీపీ తగ్గిందని మాత్రలు మానేసిన మొండిఘటం మరి! ఆసుపత్రికి వెళదామని ఆమె బతిమాలింది, కసిరింది. ఊహూఁ. మబ్బు పట్టింది, ఈ పూట కోయకపోతే మిషను మళ్లీ ఎప్పటికి దొరుకుతుందోనని ఒకటే పాట.

ఈ మనిషి తన కోసం తాను కదలడు. ఎవరి కోసం కదులుతాడో ఇన్నేళ్ల కాపురంలో వీరరాఘవమ్మకి తెలియనిది కాదు. గుండె పట్టుకుని గట్టు మీదే వెనక్కి ఒరిగిపోయింది.

"ఏవండీ... నాకేదో అయిపోతోందండీ."

అంతే. మిషనూ లేదు, మబ్బూ లేదు. తమ్ముడి వరస నరసరాజుని కేకేసి కారు తెప్పించాడు. ఏలూరులో గుండె డాక్టరు దగ్గరికి పోనిమ్మని, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా తమ్ముణ్ణి తొందరపెట్టి చంపుకు తిన్నాడు. సగం దారిలో ఆ గొంతు తగ్గింది. తర్వాత మాటే లేదు. ఆమె నుదుటి మీదున్న చెయ్యి చల్లబడింది. నిజం చెబితే కారు వెనక్కి తిప్పించేస్తాడని భయం, చెప్పకపోతే దారిలోనే ఏమవుతుందోనని భయం. పంటి బిగువున అలాగే పడుకుంది పిచ్చితల్లి.

ఆసుపత్రి ముందు స్ట్రెచరు రాగానే చటుక్కున లేచి, జబ్బు తనకు కాదని అక్కడివాళ్ల చెవిన వేసి మొగుణ్ణి చూపించింది. లోపల నర్సు చొక్కా గుండీలు తీయబోతే వెంకట్రాజు ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"నా సంగతి తరవాతండీ. ముందు ఆవిణ్ణి చూడండి."

వీరరాఘవమ్మ వంగి, తాను ఆడింది అబద్ధమని చెవిలో చెప్పింది. తిడతాడనుకుంది. అతను ఆమె మొహంలోకి చూస్తూ అడిగాడు.

"నీకేం లేదుగా?"

లేదన్నట్టు తలూపింది. అప్పుడు నర్సు చెయ్యి వదిలేశాడు.

"అయితే చెబుతున్నా, నాకు చాలా నొప్పిగా ఉందే."

వేళకే తెచ్చారమ్మా అని డాక్టరు అంటున్నా వినిపించుకోకుండా, ఆమె అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.