అరవై సెంటీమీటర్ల గులాబీ

రెండు ముక్కల కుట్టు దగ్గర పువ్వు కలవకపోతే తప్పు చేతిదా, గుడ్డదా? పన్నెండేళ్లుగా ఇన్‌షిరాహ్‌ను ఈ సందేహం వదలలేదు. మహల్లా ఊళ్లోని ఈ రజాయిల కార్ఖానాలో చేరిన మొదటి వారం పైకే అడిగితే అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. అయిదు పూటల నమాజులోనూ తన చేతిని తిన్నగా ఉంచమని దేవుణ్ణి వేడుకుంటూ వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం, రేకుల కప్పు కింద దూది నుసి గాలిలో కదలకుండా నిలిచిన వేళ, మేస్త్రీ దస్సూకీ ఒక రజాయిని ముసలి ఉమ్ షౌకీ ఒళ్లోకి విసిరాడు. నడిమి కుట్టుకు ఎడమపక్కన గులాబీ తల, కుడిపక్కన కాడ.

"ఇది పెళ్లికూతురు కప్పుకునేదా, గాడిద మీద వేసేదా? కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?"

"కళ్లు బానే ఉన్నాయి బాబూ. రోజూ నీ మొహం చూస్తూనే ఉన్నాగా."

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ నవ్వలేదు. రజాయికి మూడు గినీల కూలి, అందులో ఒకటి కోత.

"ఈ నెల్లో ఇది రెండోది. మూడోది చెడితే ఇంటికే."

కొడుకు మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆమె సూదే ఆధారం. మేస్త్రీకి అదంతా తెలుసు. అదే గులాబీల కొత్త తానులోంచి ఒకే చాప మీది ముగ్గురికీ వరసగా నాలుగేసి మీటర్లు కోసిచ్చాడు: ముందు ఇన్‌షిరాహ్‌కు, తర్వాత ఉమ్ షౌకీకి, చివర రౌహియాకు. పక్కపక్కన పెట్టి కుట్టడానికి ముగ్గురూ ఎవరిది వాళ్లు రెండు సగాలు చేసుకున్నారు.

ఉమ్ షౌకీ నమాజుకు లేచింది. ఇన్‌షిరాహ్ ఎందుకో సూది పట్టకుండా కొలబద్ద పట్టింది. ఏళ్లుగా కుట్టే గుడ్డలో పువ్వు యాభై సెంటీమీటర్లు. రెండు మీటర్ల దగ్గర కోస్తే సరిగ్గా కొత్త పువ్వు మొదలయ్యేది. ఈ గులాబీ అరవై; ఉమ్ షౌకీ చెడగొట్టిందన్న రెండు రజాయిలదీ ఇదే గుడ్డ. అక్కడే కోస్తే పువ్వు మొదలై జానెడు పోయాక తెగుతోంది. కలపాలంటే రెండు జానల గుడ్డ వృథా పోవాలి. ఆ రెండు జానలు ఎవరూ ఇవ్వలేదు. చేతి కోసం ఇన్నేళ్లు ప్రార్థించింది గానీ, గుడ్డ కోసం ఎన్నడూ ప్రార్థించలేదు.

తన మొదటి సగం పక్కన ఉమ్ షౌకీ రెండో సగం పరిచింది. రేకుకు రేకు కలిసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి వారంలో కూడా ఇలాంటి పెద్ద పువ్వుల తానే. "నీ సగం ఇటివ్వు, నాది తీసుకో," అంది ఉమ్ షౌకీ. ఇన్‌షిరాహ్ రజాయి కుదిరింది, ఉమ్ షౌకీకి కోత పడింది. ముసల్దాని చెయ్యి జారిందనుకుంది తను.

"రౌహియా, నీవి కూడా కలిపితే మూడూ కుదురుతాయే!"

"నన్ను లాగకు అక్కా. గుడ్డలు మార్చుకుంటే పనిలోంచి తీసేస్తానన్నాడుగా మేస్త్రీ. ఇద్దరు పిల్లలు నాకు."

రౌహియా తన గుడ్డను మోకాళ్ల కిందికి లాక్కుంది. ఆమెను ఏమనగలరు? ఇక మిగిలిన నాలుగు సగాలతో ఒకరి రజాయే కుదురుతుంది.

ఉమ్ షౌకీ నమాజు ముగించి లేచేలోగా ఇన్‌షిరాహ్ తన మొదటి సగాన్ని ఆమె మొదటి సగంతో మార్చేసింది. ఉమ్ షౌకీ వచ్చి కూర్చుని, అంచులు చూసి, దారం ఎక్కించబోయి ఆగింది. మేస్త్రీ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. ఇన్‌షిరాహ్ తల వంచుకుని కుట్టసాగింది.

సాయంత్రం మేస్త్రీ ఉమ్ షౌకీ రజాయి విప్పి చూశాడు. "చూశావా, తిడితే గానీ చెయ్యి కుదరదు!" తర్వాత ఇన్‌షిరాహ్‌ది విప్పాడు. "నీకేం పోయేకాలం?"

"గుడ్డ చాల్లేదు మేస్త్రీ."

"పన్నెండేళ్లు చాలింది, ఇవాళ చాల్లేదా?" కోత రాసుకుని పోయాడు.

గేటు దగ్గర ఉమ్ షౌకీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నీ సగం నాకెందుకిచ్చావే పిచ్చిదానా?"

"నాది కాదు పిన్నీ, నీదే. ఇన్నాళ్లూ నా దగ్గరుండిపోయింది."