పూజిత నిలువెత్తు

మా శాలిబండ ఇంట్లో బెల్లాన్ని బంగారమంటే ఎవరూ నవ్వరు. మేడారం జాతరలో అమ్మవార్లకు ఇచ్చే మొక్కు బెల్లమే. దాన్ని నిలువెత్తు బంగారం అంటారు. నిలువెత్తు అంటే మనిషి నిలబడినంత ఎత్తు. అయినా ఎత్తుకు ఎవరూ పేర్చరు, మనిషిని కాంటా ఎక్కించి ఆ బరువుకు సరిపడా బెల్లం తూస్తారు. ఈ తేడా గురించి ఎవరికీ ఫికర్ లేదు, నాకు తప్ప.

నాకు మూడేళ్లప్పుడు, ఈ పిల్ల పెద్దగా పొడుగవదని డాక్టర్లు తేల్చారట. పూజిత ఎదిగితే తన నిలువెత్తు బంగారం ఇస్తానని నాయనమ్మ కొమురమ్మ మొక్కుకుంది. ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, మూడడుగుల పదంగుళాలు. మొక్కు తీర్చలేదని ఆమె ఇన్నేళ్లూ జాతర ముఖం చూడలేదు. రెండేళ్లకోసారి జాతర దగ్గర పడగానే నన్ను దర్వాజకు ఆనించి పసుపుతో గీత గీసేది. చివరి ఐదు గీతలూ ఒకేచోట పడ్డాయి. చూసి ఏమీ అనేది కాదు. అందుకే నాకు ఒళ్లు మండేది.

ఈసారి నిలబడనన్నాను. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరినీ లైన్లో నిలబెడుతున్నాను, ఇంకా నన్ను కొలుస్తావా అని గట్టిగానే అడిగాను. ఆమె ముఖం చిన్నబోయింది. తనకు ఎనభై దాటాయని, అమ్మల దగ్గరికి ఇక పోకుండానే కళ్లు మూస్తానేమోనని గొణిగింది. దాంతో నా కోపం దిగిపోయింది.

"నిలువెత్తంటే ఎవలి నిలువెత్తు నాయనమ్మా? నేను గింతనే. ఇంక పెరగ."

మర్నాడు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, నన్ను ఆటోలో మాదన్నపేటకు తీసుకెళ్లింది. బెల్లం దుకాణం గుండయ్య నన్ను కాంటా ఎక్కమన్నాడు. ముప్పై మూడు కిలోలు చూపించింది. ఏమని మొక్కావని అడిగాడు నాయనమ్మను.

"పిల్ల ఎదగాలని."

గుండయ్య నన్ను పైనుంచి కిందికి చూశాడు. బెల్లం ముద్ద అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది. నేను తల దించుకున్నాను.

"ఎదిగింది," అంది నాయనమ్మ. "మంచిగ తూకమెయ్యి."

నాకు ఏడుపు ఆగలేదు. కదలకు బిడ్డా, కాంటా నిలవడం లేదని మళ్లీ తూకం చూస్తున్న గుండయ్య కసిరాడు.