టిక్కు పెట్టిన గడి

ఐవీ హోల్డ్స్‌వర్త్ ఇంట్లో గదులు వెచ్చబెట్టే బాయిలర్ మూడోసారి ఆగిపోయిందన్న ఫోను వచ్చినప్పుడు ట్రెవర్ క్రాబ్‌ట్రీ వేరెవరి వంటింట్లోనో నేలమీద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తున్నాడు. ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కంగారేమీ లేదనీ, రెండు స్వెట్టర్లు వేసుకున్నాననీ, ఈసారి బాయిలర్ తయారుచేసిన కంపెనీవాళ్ళే మనిషిని పంపిస్తున్నారనీ చెప్పింది. గురువారం పదింటికి.

"నువ్వు కూడా వచ్చి పక్కన నిలబడు నాయనా. వాళ్ళు చెప్పేది నాకేం అర్థమవుతుంది? నువ్వుంటే ధైర్యం," అంది.

వస్తానన్నాడు. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు లేవలేదు. రెంచీ గుండెలమీద పెట్టుకుని సింకు అడుగుభాగం చూస్తూ ఉండిపోయాడు.

టాడ్‌మోర్డెన్‌లో ట్రెవర్ పెట్టిన బాయిలర్లు నాలుగైదు వందలు ఉంటాయి. అందులో ఏ ఒక్కదాని గురించీ ఇంతగా ఆలోచించలేదు. ఐవీ ఆ ఊరి బడిలో ముప్ఫై ఏళ్ళు మధ్యాహ్నం భోజనం వడ్డించిన మనిషి. ట్రెవర్ ఐదేళ్ళప్పుడు పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు వరసలో నిలబడ్డవాడే. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్న ఏడాది, ఎవరూ చెప్పకుండానే, అతని పళ్ళెంలో పుడ్డింగు ఒక గరిట ఎక్కువ పడేది. ఇప్పుడు అతనికి యాభై రెండు దాటాయి. అయినా ఆవిణ్ణి పేరుపెట్టి పిలవడానికి నోరు రాదు. మిసెస్ హోల్డ్స్‌వర్త్ అనే అంటాడు.

ఆవిడ వంటింట్లో పాత బాయిలర్ ఒకటి ఉండేది. పోతపోసిన ఇనుముది, పెద్ద బట్టల పెట్టె అంత. ఆవిడ భర్త వాల్టర్ పెట్టించాడు. ముప్ఫై మూడేళ్ళు పనిచేసింది. దాని నెత్తిమీదే రొట్టెపిండి పొంగేది, తడి మేజోళ్ళు ఆరేవి, పిల్లి నిద్రపోయేది. నాలుగేళ్ళ కిందట దాని విడిభాగాలు దొరకడం మానేశాయి. ఇక మార్చక తప్పదని ట్రెవరే చెప్పాడు. కొత్తది గోడకి వేలాడుతుంది, గ్యాసు తక్కువ తాగుతుంది, పదేళ్ళ హామీ ఉంది అన్నాడు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నువ్వు చెబితే సరే అంది.

కొత్తది పెట్టేముందు ఇంటి గొట్టాలన్నీ, గదుల్లో వేడినిచ్చే రేడియేటర్లన్నీ కడగాలి. యంత్రం తగిలించి, మందు కలిపి, పూటంతా కడగాలి. పాత ఇనప బాయిలర్ లోపల దారులు బొటనవేలు పట్టేంత వెడల్పు. ముప్ఫై ఏళ్ళ తుప్పు మడ్డి వాటిలోంచి తిరుగుతూనే ఉన్నా అది పట్టించుకునేది కాదు. కొత్తవాటి దారులు సన్నం. ఆ మడ్డి వచ్చి వాటిలో చేరిందంటే గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టే.

కొత్తది పెట్టిన రోజు శుక్రవారం. మంచు పడుతుందని చెప్పారు. వెచ్చదనం లేక ఇంకో రెండిళ్ళవాళ్ళు ఎదురుచూస్తున్నారు. కడిగే యంత్రం లోయ అవతల వేరే పనిలో ఉంది. ట్రెవర్ కొళాయి తిప్పి ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు పోనిచ్చాడు. ముందు నల్లగా వచ్చాయి, తర్వాత గోధుమరంగులో వచ్చాయి. అక్కడికి ఆపేశాడు. చివర్లో బాయిలర్‌తో వచ్చిన సర్వీసు పుస్తకం బల్లమీద పరుచుకుని, 'గొట్టాలు మందుతో కడగడమైనది' అన్న గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు. ఆ చుట్టుపక్కల ఫిట్టర్లు పబ్బులో కూర్చున్నప్పుడు దీన్ని 'పెన్నుతో కడగడం' అంటారు. అని నవ్వుకుంటారు. ట్రెవర్ కూడా నవ్వినవాడే.

రెండో చలికాలం పంపు పోయింది. మూడో చలికాలం లోపల నీళ్ళని వేడిచేసే పలక పూడుకుపోయింది. రెండుసార్లూ అతనే వచ్చి బాగుచేశాడు, పైసా తీసుకోలేదు. తీసుకోకపోవడంతో తప్పు సరిపోయిందనుకున్నాడు. ఎందుకిలా అవుతోందని ఆవిడ అడిగితే, "ఈ కాలం సరుకే అంత మిసెస్ హోల్డ్స్‌వర్త్. పాతవాటిలా ఎక్కడ చేస్తున్నారు?" అన్నాడు.

ఆవిడ ఆ మాట పట్టుకుని ఊరంతా చెప్పింది. చర్చి గదిలో ఆడవాళ్ళు కూర్చుని అల్లికలు చేసుకునే చోట ఎవరో, క్రాబ్‌ట్రీ పని మునుపట్లా లేదట కదా అన్నారు. ఐవీ అల్లిక సూదులు ఒళ్ళో పెట్టేసి, ఆ అబ్బాయి చెయ్యి నాకు తెలుసు, వాడి పనికి వంక పెట్టేవాళ్ళు ముందు నాతో మాట్లాడండి అందిట. ఈ సంగతి ట్రెవర్‌కి అతని భార్య డెనిస్ చెప్పింది. ఆమె సంబరంగానే చెప్పింది. అతను మాత్రం తింటున్న పళ్ళెం పక్కకి జరిపేశాడు.

గురువారం కంపెనీ తరఫున పక్క ఊరు హాలిఫాక్స్ నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు సైమా. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. గుమ్మంలోనే బూట్లకి తొడుగులు వేసుకుంది. ఐవీ బల్లమీద మూడు కప్పులు పెట్టి, అల్లం కేకు కోసి ఉంచింది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలిగా ఉంది వంటిల్లు.

సైమా నేరుగా పనిలోకి దిగింది. బాయిలర్ మూత విప్పి చూసింది. తర్వాత ముందుగదిలో రేడియేటర్ మర కొద్దిగా వదులు చేసి, కింద గాజు సీసా పట్టింది. సీసా తెచ్చి కిటికీ వెలుగులో పెట్టింది. ఇంకు నింపినట్టుంది.

"అది మా ఇంట్లోదేనా?" అంది ఐవీ.

సైమా సర్వీసు పుస్తకం అడిగి తీసుకుంది. మొదటి పేజీ దగ్గర ఆగింది. "కడిగినట్టు రాసి ఉందే," అంది. ట్రెవర్ వైపు ఒక్కసారి చూసింది.

"ఊఁ," అన్నాడు ట్రెవర్.

"అంతా కడిగాడమ్మా. పొద్దున్నే వచ్చినవాడు దీపాలు పెట్టేదాకా ఇక్కడే ఉన్నాడు," అంది ఐవీ. "బాయిలరే అంత. ఇప్పుడు చేసేవన్నీ ఇంతేనట కదా."

సైమా ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. ఈ రకం బాయిలర్లు పదిహేనేళ్ళు దాటినవి కూడా తాను వారం వారం చూస్తూనే ఉన్నానంది. ఏడాదికోసారి విప్పి చూస్తే, లోపల తిరిగే నీళ్ళు శుభ్రంగా ఉంటే, అవి చెప్పినమాట వింటాయంది. నీళ్ళు మురికైతే నాలుగేళ్ళు లాగడమే గొప్ప. ఆ తర్వాత జనం బాయిలర్‌ని తిడతారు.

సీసా ఇంకోసారి పైకెత్తి చూసి, "ప్రెషర్ చూపే ముల్లు పడిపోతే మీరేమైనా కొత్తనీళ్ళు పట్టారా అమ్మా?" అని అడిగింది.

ఐవీ మెడ దగ్గర్నుంచి చెవులదాకా ఎర్రబడింది. కేకు పళ్ళెం అటూ ఇటూ జరిపింది. ముల్లు పడిపోతోందనీ, రెండేళ్ళుగా ప్రతి శనివారం కింద ఉన్న చిన్న కొళాయి తిప్పి తానే నీళ్ళు నింపుతున్నాననీ చెప్పింది. ఒకసారి ట్రెవరే చూపించాడు ఎలా తిప్పాలో. ప్రతివారం అవసరమవుతోందని మాత్రం అతనికి చెప్పలేదు. డబ్బు తీసుకోకుండా చేస్తున్నవాణ్ణి ఇంకా ఎన్నిసార్లని పిలుస్తానంది. చెబుతున్నంతసేపూ ట్రెవర్ ముఖం చూడలేదు.

కొత్తనీళ్ళతో గాలి కూడా లోపలికి వెళ్తుందనీ, దాంతో రేడియేటర్లు లోపల్నుంచి తుప్పుపడతాయనీ సైమా చెప్పింది. కాగితం తీసింది. పెన్ను 'కారణం' అన్న గడిమీద ఆనించి, రాయకుండా కాసేపు ఆగింది.

శనివారాల కొళాయి వల్ల కొంత తుప్పు పడితే పడి ఉండొచ్చు. కాని సీసాలో ఉన్నది ముప్ఫై మూడేళ్ళ మడ్డి. చెయ్యి తిరిగిన ఏ ఫిట్టరైనా చూడగానే చెప్పగలడు. ట్రెవర్ నోరు తెరిచాడు. కప్పు దగ్గరికి తీసుకుని ఒక గుక్క టీ తాగాడు.

పెన్ను కదిలింది.

హామీ వర్తించదని సైమా ఎంతో మెల్లగా చెప్పి, సీసా బల్లమీదే వదిలేసి వెళ్ళింది. తలుపు మూసి వచ్చి ఐవీ ట్రెవర్ ఎదుట కూర్చుంది. మోచేతులు బల్లకి ఆనించింది. 

"ఏమనుకోకు నాయనా. నీ పనంతా నేనే పాడుచేశాను. ఊళ్ళో వాళ్ళేమో నిన్నంటున్నారు. ఆదివారం చర్చిలో అందరికీ చెప్పేస్తాలే, తప్పు నాదేనని," అంది.

"చెప్పకండి," అన్నాడు ట్రెవర్.

"ఎందుకు చెప్పకూడదూ? నిజం చెప్పడానికేం?"

"నేను కడగలేదు."

ఆవిడకి వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాడు. "గొట్టాలు నేను కడగలేదు మిసెస్ హోల్డ్స్‌వర్త్. ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ళు పోనిచ్చాను, అంతే. పుస్తకంలో కడిగానని రాశాను."

ఐవీ సీసా వైపు చూసింది. "నువ్వు అది రాస్తున్నప్పుడు నేనేం చేస్తున్నాను?"

అతనికి బాగా గుర్తుంది. "నాకు మీట్ పై వడ్డిస్తున్నారు. బంగాళాదుంపలు, మాంసం కూరి కాల్చినది."

"ఎర్ర క్యాబేజీ కూడా వేశాను," అంది ఆవిడ. "చర్చి గదిలో నేను నీ తరఫున పోట్లాడినట్టు డెనిస్ నీకు చెప్పిందా?"

"చెప్పింది."

ఐవీ సర్వీసు పుస్తకం అతని వైపు తోసింది. కేకలు వెయ్యలేదు. "ఆ పిల్ల వ్యాను ఇంకా కదల్లేదు," అంది.

సైమా బండిలో కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. ట్రెవర్ అద్దం మీద తట్టాడు. చలిలో కోటు లేకుండా నిలబడి, ఐవీకి చెప్పిన మాటలే చెప్పాడు. రెండోసారి కదా, తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. సైమా ఆశ్చర్యపోలేదు. "చెబుతారేమోనని కాసేపు ఆగాను," అంది. రాసినది కొట్టేసి మరో కాగితం తీసింది. తప్పు ఫిట్టర్‌దని రాస్తే ట్రెవర్ పేరు కంపెనీకి వెళ్తుందంది. వెళ్ళనివ్వమన్నాడు.

మర్నాడు గొట్టాలు కడిగే యంత్రం తెచ్చాడు. రెండు రోజులు పట్టింది. ఒక్కొక్క రేడియేటర్‌నీ రబ్బరు సుత్తితో తట్టి, లోపల పేరుకున్నదంతా కదిపి బయటికి తీశాడు. వెనక పడకగదిలో తివాచీ కింద గొట్టం మర ఒకటి బొట్టుబొట్టుగా కారుతుండడం కనిపెట్టి మార్చాడు. శనివారం శనివారం ఆవిడ పట్టిన నీళ్ళన్నీ ఆ బొట్లలోనే పోయాయి. పూడుకుపోయిన పలక తీసి కొత్తది వేశాడు. ఐవీ కోటు తొడుక్కుని వంటింటి కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. అడిగినదానికి జవాబిచ్చింది. మధ్యాహ్నం భోజనానికి పక్కింటికి వెళ్ళింది. ట్రెవర్ వ్యానులో కూర్చుని డెనిస్ కట్టిచ్చిన శాండ్‌విచ్ సగం తిన్నాడు.

రెండోరోజు మూడింటికి నీళ్ళు తేటపడ్డాయి. ఐవీ లేచి, అలమరలోంచి తాను తాగే గ్లాసు తెచ్చి, ఇందులో పట్టమంది. పట్టాడు. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ పిల్ల పట్టుకున్నట్టే పైకి పట్టుకుని చాలాసేపు చూసింది.

ట్రెవర్ పుస్తకంలో పాత టిక్కు అడ్డంగా కొట్టేసి, పక్కన ఆనాటి తేదీ వేసి, ఏం చేశాడో రాసి సంతకం పెట్టాడు. నాలుగేళ్ళుగా ఆవిడ ఆ పుస్తకం తెరిచి చూసిందే లేదు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వాక్యం కిందా వేలు జరుపుతూ చదివింది. చదివి సొరుగులో పెట్టింది.

బాయిలర్ వెలిగింది. చప్పుడు కూడా లేదు. గొట్టాలు మెల్లగా వేడెక్కాయి. సరిగా చూసుకుంటే ఇది ఇంకో పదేళ్ళు నడుస్తుందని చెప్పబోయి ట్రెవర్ ఊరుకున్నాడు.

ఐవీ తలుపు తీసి పట్టుకుంది. "వచ్చే ఏడాది ఇదే వారంలో వచ్చి చూసి వెళ్ళండి, మిస్టర్ క్రాబ్‌ట్రీ," అంది.

ఐదేళ్ళప్పటినుంచి ఆవిడ అతన్ని ఎన్నడూ అలా పిలవలేదు. వస్తానండీ అని, పనిముట్ల పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని, ఇంటిముందు వాలు దిగాడు.