కోసిన బెల్టు

రాత్రి బానెట్‌కీ బంపర్‌కీ మధ్య కట్టిన నల్లదారం తెగలేదు. అతను వంగి, దాన్ని వేలితో ఒకసారి మీటి చూశాడు. తర్వాత కారు తలుపు తీసి, మీటరు మీది అంకెలను ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్న అంకెలతో సరిపోల్చాడు. ఒక్క కిలోమీటరు కూడా తేడా లేదు. అదీ అతనికి పూర్తిగా నచ్చలేదు.

వంటింటి కిటికీలోంచి భార్య అడిగింది.

“ఏమంటోంది నీ దారం?”

“ఉంది.”

“రేపట్నుంచి నా కూరలో ఉప్పు కూడా షెడ్డు మేస్త్రికి చూపించుకుని తిను.”

అతను నవ్వలేదు. గేటు తాళం వేసి లాగి చూశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ లాగాడు. ఆ వీధిలో అతన్ని అందరూ తాళాలాయన అంటారు. యాభై రెండేళ్ల మనిషి. అందులో ముప్పై ఏళ్లు స్టీరింగు వెనకే గడిచాయి. కిటికీ వైపు ఉండే కుడి ముంజేయి ఎండకు మాడి, ఎడమచేతి కంటే నాలుగు ఛాయలు నలుపు. రెండు చేతులూ పక్కపక్కన పెడితే వేరువేరు మనుషులవి అనిపిస్తాయి.

పుట్టుకతోనే అనుమానం మనిషి కాదు. ఇరవై ఏళ్ల కిందట మొదటి కారుకు, ఇంజనులో పిస్టన్లూ వాల్వులూ ఒక లెక్కలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు మార్చమని ఒక షెడ్డులో ఇచ్చాడు. మార్చామన్నారు. అతను నమ్మాడు. నిజానికి పాత బెల్టునే కడిగి, తుడిచి, మళ్లీ ఎక్కించారు. మూడు నెలల తర్వాత ఒక ఎత్తు రోడ్డు మీద, చప్పుడు లేకుండా, వాసన లేకుండా బెల్టు తెగింది. పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దాయి. కారును తుక్కు కింద తూచి తీసుకెళ్లారు. తర్వాత చాలా ఏళ్లు ఇతరుల కార్లే నడిపాడు. అప్పటినుంచి అతనికి ఇంజనులో ఏ భాగం మీదా లేని భయం ఆ బెల్టు మీదే. మిగతావన్నీ పాడయ్యే ముందు మూలుగుతాయి, వణుకుతాయి, పొగ కక్కుతాయి. ఇది మూత వెనక, కంటికి కనబడకుండా, తెగే నిమిషం దాకా బుద్ధిగా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడున్న కారు నాలుగు నెలల కిందట కాంపౌండరమ్మ దగ్గర కొన్నాడు. ఆమె ఆస్పత్రి మందుల గదిలో నలభై ఏళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. భర్త పోయాడు. ఆమెకు కారు నడపడం రాదు. కిడ్నీలు పనిచేయడం మానేశాయి కాబట్టి వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఉన్నన్నాళ్లు తనను తీసుకెళ్లి తీసుకురావాలన్న ఒక్క షరతు మీద కారు అమ్మింది. ఆరోజే, అతను అడక్కముందే చెప్పింది, టైమింగ్ బెల్టు రెండేళ్ల కిందట తన భర్తే మార్చాడని.

అడక్కముందే చెప్పడం అతనికి ముల్లులా గుచ్చుకుంది. బిల్లు లేదు. మూత మీద తేదీ రాసి లేదు. ఈ నాలుగు నెలల్లో ఆ మాటనే ఆరు రకాలుగా తిప్పి అడిగాడు. ఆమె ఆరుసార్లూ అదే జవాబు చెప్పింది. ఆమె చెప్పింది నిజమైతే ఇంకో మూడేళ్లు చూడనక్కర్లేదు. అబద్ధమైతే ఏ మలుపులోనైనా ఈ కారు కూడా పోతుంది. మూడో కారు కొనే వయసు తనకు లేదు. ఊరికి ఆ చివరనున్న దుకాణానికి తనే వెళ్లి కొత్త బెల్టు కొన్నాడు. పన్నెండు రోజులుగా అది బీరువాలో బట్టల కింద ఉంది. ఈ ఉదయం దాన్ని తీసి సీటు కింద పెట్టుకున్నాడు.

కాంపౌండరమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. చెప్పుల పట్టీలు చివరి రంధ్రం దాకా వదులు చేసుకుంది. ఒళ్లో గుడ్డసంచి, చేతిలో నీళ్లసీసా. సీసా నడుముకు ఎర్ర రబ్బరుబ్యాండు. వెళ్లే దారిలో రబ్బరుబ్యాండు దాకా తాగుతుంది. దాని కిందివి తిరుగు ప్రయాణానికి. అంతకుమించి ఆమె ఒంటికి పనికిరావు. లోపలికి వెళ్లేముందు సీసాను వెనక తలుపు అరలో పెట్టి వెళుతుంది.

అతను దాన్ని కూడా వదల్లేదు. ఎండలు మండుతున్న నెలలో, దాహంతో పెదవులు పగిలిన మనిషి దొంగచాటుగా ఒక గుక్క ఎక్కువ తాగకుండా ఉంటుందా? ఆమెను దింపాక సీసాను పైకెత్తి చాలాసార్లు చూశాడు. నీళ్లు ఏనాడూ వెంట్రుకవాసి అటూ ఇటూ లేవు. తను చూస్తున్నట్టు ఆమెకు తెలిసిపోయిందేమో అనుకున్నాడు.

దారిలో అతనే చెప్పాడు, ఆమె లోపలుండే నాలుగు గంటల్లో కారును షెడ్డుకు తీసుకెళతానని.

“బెల్టు కోసమా?”

“ఊఁ.”

ఆమె ఒక గుక్క తాగి, సీసాను కళ్ల ఎత్తుకు పట్టుకుని చూసుకుని, మూత బిగించింది.

“ఆరోజు ఆదివారం. ఆయన కింద కూర్చుని విప్పుతుంటే టార్చి నేనే పట్టుకున్నాను బాబూ. చెయ్యి నొప్పి పుట్టి వెలుగు పక్కకు పోతే కసిరారు కూడా.”

అతను అద్దంలో ఆమె ముఖం చూశాడు. ఆదివారం, టార్చి, కసరడం. అబద్ధమాడేవాళ్లే ఇంత వివరంగా చెబుతారు.

“మరి బిల్లు?”

“మొగుడెక్కడైనా బిల్లిస్తాడా?”

ఆమె నవ్వింది. అతను గేరు మార్చాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గర తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. సంచి భుజానికి తగిలించుకుని ఒక్క క్షణం ఆగింది.

“చూసుకో. చూసుకుంటే గాని నీకు నిద్ర పట్టదు. వచ్చాక ఏం కనబడిందో నాకూ చెప్పు.”

షెడ్డు మేస్త్రి వరసకు ఏమీ కాకపోయినా అందరినీ బావా అంటాడు. తాళాలాయన పెట్టిన షరతు అతనికి తెలుసు. బెల్టు బయటికి రాగానే తన కళ్లముందే కోసెయ్యాలి. అప్పుడిక దాన్ని కడిగి మళ్లీ ఎక్కించే దారి ఉండదు.

“నీకు ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరును తలుచుకుంటే జాలేస్తుంది బావా,” అంటూ మేస్త్రి జాకీ ఎక్కించాడు.

తాళాలాయన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే చూపు పక్కకు పోతుందని ఫోను కారులోనే వదిలేశాడు. చక్రం వచ్చింది, పుల్లీ వచ్చింది, ఒక్కొక్క బోల్టూ ఇనప పళ్లెంలో పడింది. అతను బోల్టులు లెక్కపెట్టాడు. రెండు గంటల తర్వాత నల్లమూత ఊడింది. మేస్త్రి బిగువు వదులు చేసి, బెల్టును పక్కకు జార్చి బయటికి తీశాడు. తీస్తూనే వెలుతురు వైపు తిరిగాడు.

“ఆగు బావా, ఒక్కసారి దీన్ని...”

“ముందు కొయ్యి.”

“చూసి కోద్దాం.”

“కోశాక చూద్దాం.”

మేస్త్రి అతని ముఖంలోకి చూశాడు. బ్లేడు తీసుకున్నాడు. లోపలి దారాలు గట్టిగా ఉన్నాయి. మూడుసార్లు కోస్తే గాని తెగలేదు. అవతలి వైపు కూడా కోసి, రెండు ముక్కలనూ అతని ఒళ్లో పడేశాడు.

వీపు మీద తెల్లటి అక్షరాలు చెక్కుచెదరలేదు. పళ్ల అంచులు చేతికి గుచ్చుకునేలా ఉన్నాయి. తయారైన నెల, సంవత్సరం కూడా కనబడుతున్నాయి. రెండున్నరేళ్ల కిందటివి.

“కడిగితే ఇలా కనబడుతుందా?” అని అడిగాడు.

“కడిగితే అక్షరాలు పోతాయి బావా, రావు.”

తర్వాత అతను బోల్టులు లెక్కపెట్టలేదు. మేస్త్రి కొత్త బెల్టు ఎక్కించి, పుల్లీల మీది గుర్తులు కలిపి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తున్నా లేచి దగ్గరికి వెళ్లలేదు. ముక్కలను ఒళ్లో పెట్టుకుని, అక్షరాల మీద బొటనవేలు రుద్దుతూ కూర్చున్నాడు. మూత బిగించే ముందు మేస్త్రి తెల్లరంగు పెన్ను చూపించి, తేదీ రాయమంటావా అన్నాడు. రాయమన్నాడు.

“రేపు నువ్వమ్మితే, కొన్నవాడు దీన్ని నమ్ముతాడంటావా?”

తాళాలాయన జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు.

రెండు ముక్కలనూ పాత పేపరులో చుట్టి ముందు సీటులో పెట్టుకున్నాడు. ఆస్పత్రి దాకా దారంతా మాట కోసం వెతుక్కున్నాడు. ఎదుటి మనిషితో, మీరు చెప్పింది నిజమే అని చెప్పాల్సిన అవసరం ఈ ఇరవై ఏళ్లలో అతనికి రాలేదు. మొదట, బెల్టు బాగానే ఉందమ్మా అనుకున్నాడు. అది మెచ్చుకున్నట్టుంది. పెద్దాయన పని బాగా చేశారమ్మా అనుకున్నాడు. అదీ సరిగా కుదరలేదు. చివరికి ఏమీ అనకుండా ముక్కలు ఆమె చేతిలో పెట్టాలనీ, కోసినందుకు ఆమె కసిరితే పడాలనీ నిశ్చయించుకున్నాడు.

ఎప్పుడూ ఆపే గోడ పక్కనే ఆపాడు. ఆమెను బయటికి తెచ్చే చక్రాల కుర్చీ రాలేదు. పావుగంట చూశాడు. లోపల నర్సులు కబుర్లలో పడి ఆలస్యం చేస్తున్నారని అనుమానం వచ్చింది. గడియారం చూసుకుంటూ లోపలికి వెళ్లాడు.

అతన్ని గుర్తుపట్టే నర్సు ఎదురొచ్చి పక్కకు పిలిచింది. కాంపౌండరమ్మ మూడో గంటలో నిద్రొస్తోందని కళ్లు మూసుకుందట. మెషిను మోగేసరికి అందరూ పరుగెత్తుకొచ్చారట. చేయగలిగిందంతా చేశామని చెప్పింది. రెండుసార్లు ఫోను చేశామని కూడా చెప్పింది. కాంపౌండరమ్మ ఆస్పత్రి పుస్తకంలో ఉన్న నంబరు ఒక్కటే. దాని ఎదురుగా ‘కారు బాబు’ అని రాసి ఉంది.

“మీరు ఆమెకు ఏమవుతారు?”

“కారు...” అన్నాడు. “కారు ఆవిడదే.”

నర్సు సంతకం చేయించుకుని గుడ్డసంచి, చెప్పులు ఇచ్చింది. పట్టీలు ఇంకా చివరి రంధ్రంలోనే ఉన్నాయి. అతను వాటిని రెండు చేతులతో పట్టుకుని ఎండలోకి వచ్చాడు. కారు దగ్గరికి వచ్చి, తాళం వేయడం మర్చిపోయినట్టు గమనించాడు. ముందు సీటులో పేపరు చుట్ట అలాగే ఉంది.

సంచి పెట్టడానికి వెనక తలుపు తీశాడు. తలుపు అరలో ఆమె సీసా నిటారుగా ఉంది. లోపలి నీళ్లు ఎర్ర రబ్బరుబ్యాండు దగ్గర, దానికి పైన ఒక్క చుక్క లేకుండా, కింద ఒక్క చుక్క తగ్గకుండా, కదలకుండా నిలిచి ఉన్నాయి.