నా నలభై ఏనుగులు

మా ఇంట్లో నా మాటకు ఒక లెక్క ఉంది. నేనేం చెప్పినా పదితో భాగించి వింటారు. పది బారల పాముని చూశానంటే, బారెడే అయుంటుందని మా ఆవిడ చీపురుకట్టతో బయల్దేరుతుంది. ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు. భాగించేవాళ్లున్నారన్న ధీమాతోనే అంతంత కోతలు కోసేవాణ్ణి.

నేను అడవి అంచున పంపుషెడ్డుకి కాపలాదారుణ్ణి. షెడ్డు పక్కనే మా అక్క నర్సరీ. తెల్లవారగానే ఆవిడ తట్ట పట్టుకుని ఏనుగుల దారిన పోయి లద్దె ఏరుకొచ్చేది. నీళ్లలో పిసికి, జల్లెడ పట్టి, దొరికిన గింజల్ని మట్టి సంచుల్లో నాటేది. అడవిలో పెద్ద కాయల చెట్లు కొన్ని ఉన్నాయి. వాటి టెంకని ఊరికే నాటితే ఏడాదైనా మొండికేసి కూర్చుంటుంది. అదే ఏనుగు కడుపులో తిరిగొచ్చిందా, నెలలోపే తలెత్తుతుంది.

"ఆ పొట్టలో ఒక్కసారి పడొస్తే నువ్వు కూడా బాగుపడేవాడివిరా" అనేది అక్క నన్ను చూసి.

ఆ దారిన వచ్చేవి నాలుగే. ఒక ముసలి ఆడ ఏనుగు, దాని కూతురు, రెండు గున్నలు. వేసవిలో ముసలిది ఎండిన వాగులోకి దిగి కాలితో ఇసక తోడి చెలమ తీసేది. అవి తాగి వెళ్లాక జింకలు, పందులు, పిట్టలు వరసకట్టేవి.

పోయిన ఏడు ఒక మధ్యాహ్నం కునుకుపాట్లు పడుతూ ట్రాక్టరు వెనక్కి తీసి, షెడ్డు గోడ కూల్చేశాను. గంటలో కొత్తగా వచ్చిన అటవీశాఖ అధికారి దిగాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఏనుగులండి."

"ఎన్ని?"

నోరు ఊరుకుంటుందా! "నలభై దాకా ఉంటాయండి."

ఆయన మా ఇంటి మనిషి కాదు, భాగించడం తెలియదు. నలభై అనే రాసుకున్నాడు. కొద్దిరోజులకే యంత్రం వచ్చి ఏనుగుల దారికి అడ్డంగా రెండు నిలువుల లోతున కందకం తవ్వేసింది. ఈ లెక్క మాత్రం భాగించకండి, తాడేసి కొలిచిందే.

ఏనుగులు ఇటు రావడం మానేశాయి. వాగులో చెలమ తీసే దిక్కు లేక జింకలూ ఎటో పోయాయి. అక్క సంచులు మొలక లేకుండా ఉత్త మట్టితో వరసల్లో నిలబడ్డాయి.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి అక్క ఆ సంచుల్ని బోర్లించి మట్టంతా కుప్ప పోస్తోంది.

"ఏమిటక్కా ఇది?"

"నర్సరీ మూసేస్తున్నానురా. నేను లద్దె కడిగి పారబోసిన గుజ్జు వాసనకే అవి షెడ్డు దాకా వచ్చుంటాయి. గోడ కూలిన పాపం నాదే. ఆ ముసలిది వాళ్లమ్మ వెంట నడిచి ఈ దారి నేర్చుకునుంటుంది. ఇప్పుడది అవతలే కన్ను మూస్తే గున్నలకి ఎవరు చూపిస్తారు చెప్పు?"

ఏడాదిగా అంతా తెలిసి తింటున్నాను, గుర్రుపెట్టి నిద్రపోతున్నాను.

"గోడ కూల్చింది ఏనుగులు కాదక్కా."

"సర్లే, నీ నలభై అంటే నాలుగేగా. ఆ నాలుగే కూల్చుంటాయి."

"ఒక్కటీ లేదు. నేనే కూల్చాను, ట్రాక్టరుతో."

అక్క నవ్వేసింది. "కోతలకైనా వేళాపాళా ఉండాలిరా. నా మనసు తేలికపరుద్దామనా?"

"ఒట్టు."

"నీ ఒట్లూ అంతే, పదేస్తే ఒక్కటే లెక్క."

అబద్ధాన్ని ఎంత భాగించినా చిన్న అబద్ధం మిగులుతుంది గాని నిజం రాదు. ఇక చేసేది లేక ఆవిణ్ణి ట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వెనక కప్పిన గోనె తీశాను. వంగిన ఇనప కమ్మీ సందులో షెడ్డు గోడ నీలం సున్నం ఇంకా ఇరుక్కునే ఉంది. అక్క దాన్ని గోరుతో గీకి చూసుకుంది. నవ్వు ఆగిపోయింది. గోనె మళ్లీ కప్పేసి ఇంటికి నడిచింది.

మర్నాడు అధికారికి ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. అలవాటు లేని రాత కదా, అర పేజీ కూడా నిండలేదు.

"మరి ఆ నలభై ఎక్కణ్ణించి వచ్చాయయ్యా?"

"నా నోట్లోంచేనండి."

ఆయన నవ్వలేదు. నన్ను కాపలా పనిలోంచి తీసేశాడు. కందకం పూడ్చాలంటే ఉత్తర్వు పైనుంచి రావాలట, ఎప్పటికో ఆయనే చెప్పలేడట. ఏనుగుల దారి తగిలే చోట రెండు గట్లూ చెక్కి వాలు చేసుకోవడానికి మాత్రం సంతకం పెట్టాడు. "మనుషుల్నివ్వను. నువ్వే తవ్వు" అన్నాడు.

మూడు వారాలుగా తవ్వుతున్నాను. అక్క రోజూ వచ్చి చూస్తుంది. నాతో మాట లేదు, ఏం చెప్పాలన్నా మా ఆవిడకే.

నిన్న పనయిపోయిందనుకుని పార పక్కన పడేశాను.

"ఎలా ఉంది వదినా?" అంది నీళ్లు తెచ్చిన మా ఆవిడ.

అక్క వాలు మీద దిగి, ఎక్కి, మళ్లీ దిగింది. "పెద్దవైతే దిగుతాయి. గున్నలు జారతాయి. ఇంకో మూరెడు చెక్కమని మీ ఆయనకి చెప్పు."

"ఎదురుగానే ఉన్నారుగా, మీరే చెప్పండి."

"నాకంత తీరిక లేదు" అని అక్క వెళ్లిపోయింది.

అవతలి గట్టున ఇంకా ఒక్క అడుగుజాడా లేదు. పార అందుకుని, గున్న కాలు ఎంత పొడవుండేదో గుర్తు తెచ్చుకుంటూ కందకంలోకి దిగాను.