కంపెనీ బ్రేకు గెలిచిన రోజు

నేను ఒక బ్రేకు డ్రమ్మును. చూడ్డానికి పెద్ద ఇనుప మూకుడులా ఉంటాను. నా కడుపులో రెండు వంపు పట్టీలుంటాయి. డ్రైవరు పెడలు తొక్కగానే అవి విచ్చుకుని నా లోపలి గోడను ఒరుసుకుంటాయి. నేను ఆగుతాను, నాతోపాటు చక్రమూ ఆగుతుంది. మా ఉద్యోగం ఇంతే. సరిగ్గా చేస్తున్నంతకాలం మా ఊసు ఎవరికీ పట్టదు.

పుట్టింది ఒక పోత కార్ఖానాలో. ఇసుక అచ్చులో పోసి, లేతు మీద తిప్పి, నున్నగా చేసి ఒక జీపు ముందు ఎడమ చక్రంలో బిగించారు. పైన చక్రం వచ్చి పడింది. అంతటితో నాకు లోకం మూతపడింది. ఆ తరవాత ఇరవై రెండేళ్ళలో నేను కళ్ళారా చూసిన ప్రపంచమల్లా మెకానిక్కుల మోకాళ్ళే. మిగతాదంతా చెవిన పడిందీ, ఒంటికి తెలిసిందీను.

మొదటి పన్నెండేళ్ళు ఒక సర్కారు ఆఫీసులో కొలువు చేశాను. అక్కడి దొరగారికి కొండదారంటే హడలు. "రోడ్డు పడ్డాక వస్తాన్లే" అని కొండ మీది ఊళ్ళవాళ్ళకి కబురు పెట్టేవారు. ఆ రోడ్డు వేయించాల్సింది ఆయనే. అందుచేత నేను పెద్దగా అరగకుండానే వేలంపాటకి వచ్చి గెమ్మెలి సోంబాబు చేతిలో పడ్డాను.

అరకు వైపు కొండల్లో ఎర్రగెడ్డ జలపాతం ఉంది. దాన్ని చూడ్డానికి వచ్చే జనాన్ని కిందికి దించడానికి పదకొండు జీపుల స్టాండు ఉంది. సోంబాబు ఆ స్టాండుకి పెద్ద. ఆ దారిని దారి అనడం ఉత్త మర్యాద. మొదట గెడ్డ, అంటే కొండవాగు, మోకాలి లోతున దాటాలి. ఆపైన కాస్త చదును, తరవాత మైలు పొడవునా దిగుడు. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ.

గెడ్డ దాటినప్పుడల్లా నా కడుపులోకి నీళ్ళొస్తాయి, ఒండ్రు వస్తుంది. రావడానికి సందుంది గాని పోవడానికి లేదు. తడిసిన పట్టీలు నా గోడ మీద సబ్బుబిళ్ళల్లా జారతాయి. అందుకని అక్కడి డ్రైవర్లకి ఒక ఆచారం ఉంది. గెడ్డ దాటాక దిగుడు మొదలయ్యేలోపు కొంతదూరం పెడలు సగం తొక్కి పట్టి నడుపుతారు. ఆ రాపిడి వేడికి పట్టీలు ఆరతాయి. దాన్ని బ్రేకు ఆరబెట్టడం అంటారు. ఆరినా సుఖం లేదు. దిగుడు సగానికి వచ్చేసరికి నేను కాలిపోయి ఉబ్బుతాను, పెడలు లోపలికి దిగిపోతుంది. తడిస్తే ఒక చావు, కాలితే ఇంకో చావు. ఇదంతా నాకు తెలుసు. చెప్పడానికి నోరేది?

సోంబాబు బావమరిది రఘునాథ్‌కి మాత్రం తెలిసింది. ఆ కుర్రవాడు పట్నం వెళ్ళి తన జీపు ముందు చక్రాలకున్న మాబోటి డ్రమ్ముల్ని పీకించి డిస్కు బ్రేకులు వేయించుకొచ్చాడు. డిస్కు అంటే గాలికి తెరిచి ఉండే ఇనుప పళ్ళెం. నీళ్ళు పడితే విదిలించుకుంటుంది, వేడెక్కితే గాలికి చల్లారుతుంది. నిజం ఒప్పుకుంటున్నాను, నాకు కడుపు మండింది. దాని పనితనం చూసి కాదు, అది బయట ఉన్నందుకు.

"నువ్వూ మార్పించీ బావా," అన్నాడు రఘునాథ్. "నాను సూసినాను. గెడ్డ దాటినెంటనే తొక్కితే టక్కున ఆగుతంది."

"కంపెనీవోడు సదూకున్నోడు కాడేట్రా?" అన్నాడు సోంబాబు. "ఏ బండికి ఏ బ్రేకో ఆడికి తెల్దు, నీకే తెల్సిపోనాదా?"

సోంబాబు మంచివాడే. కాకపోతే స్టాండులో పెద్దరికం అనేది బెల్లపు గడ్డ. నోట్లో పడ్డాక ఉమ్మెయ్యడం కష్టం. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. సంత జరిగే మైదానంలో గీత గీస్తారు. రెండు జీపులూ ఒకే వేగంతో వచ్చి గీత మీద బ్రేకు వెయ్యాలి. ముందు ఆగినవాడిది గెలుపు. ఓడినవాడు వారం రోజులు రెండోవాడి జీపు కడగాలి.

పందేనికి ముందు రఘునాథ్ నా చక్రం పక్కనే గొంతుక్కూచున్నాడు. "రేపు కొత్త టైర్లొస్తన్నాయి బావా. నా బండివి గుండైపోనాయి. పందెం రేపెట్టుకుందాం," అన్నాడు మెల్లగా.

సోంబాబు వాడి టైరు మీద అరచెయ్యి రాశాడు. గాట్లు అరగని టైరైతే బరబరమని వినిపించాలి. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు.

"బ్రేకు సంగతి మాటాడమంటే టైరు సంగతి సెప్తావేట్రా? ఇయ్యాలే," అని లేచిపోయాడు సోంబాబు.

పొడి నేల, ఖాళీ జీపు, చల్లగా ఉన్న నేను. అలాంటి పూట నాకు మించిన బ్రేకు లేదు. గీత దాటి నాలుగు గజాల్లో ఆగిపోయాను. డిస్కు గట్టిగానే పట్టింది, చక్రం నిలబడిపోయింది, కానీ గుండు టైరు జర్రున జారి జీపు ఇంకో మూడు గజాలు అవతలికి పోయింది. జనం ఈలలు వేశారు. రఘునాథ్ టైర్ల మాట ఎత్తబోతే "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సోంబాబే.

ఆ రోజు నుంచి నేను గెలుపులో ఇరుక్కుపోయాను. చక్రంలో ఉన్నప్పుడు స్పానరుతో విప్పే వీలైనా ఉండేది, గెలుపుకి నట్లు కూడా లేవు. పట్నం వెళ్దామనుకున్న మిగతా డ్రైవర్లంతా మానుకున్నారు. "కంపెనీ బ్రేకే నెగ్గీసినాదిరా" అని టీకొట్టు దగ్గర చెప్పుకున్నారు. రఘునాథ్ వారం రోజులూ వచ్చి నా చక్రం కడిగాడు. వాడు నీళ్ళు కొట్టినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

కార్తీకమాసం వచ్చింది. వనభోజనాల జనం. సోంబాబు జీపులో వెనక ఎనిమిది మంది, ముందు ఎడమ సీట్లో, అంటే సరిగ్గా నా పైన, అతని భార్య చిలకమ్మ. ముందురోజు వాన పడి గెడ్డ పొంగింది. దాటుతుంటే గొంతుదాకా తాగాను. గట్టెక్కగానే ఎప్పటిలా ఆరబెడతాడనుకున్నాను. వెనక కూచున్న ఒకాయన "ఈ డొక్కు జీపుకి బ్రేకులున్నాయా?" అని హాస్యమాడాడు. సోంబాబుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "పందెంలో నెగ్గిన బ్రేకు బాబూ ఇది," అని ఆరబెట్టకుండానే దిగుడులోకి దింపేశాడు.

తొక్కాడు. పట్టీలు జారాయి. మళ్ళీ తొక్కాడు. నేను ఆగాలని ఎంత అనుకున్నానో మీకు చెప్పలేను. నా కడుపునిండా బురద, నా చుట్టూ చక్రం, పైన తొమ్మిది మంది కేకలు. నేను తిరుగుతూనే ఉన్నాను. కింది మలుపులోంచి నిండుగా జనంతో రఘునాథ్ జీపు పైకి వస్తోంది. వాడు ఉన్నచోటే టక్కున ఆపేశాడు. మాకు ఆగడం చేతకాలేదు. సోంబాబు స్టీరింగు ఎడమకి కోసి జీపును కొండకి గుద్దేశాడు.

ప్రాణాలు దక్కాయి. చిలకమ్మ చెయ్యి విరిగింది. రఘునాథ్ పరుగెత్తుకొచ్చి అక్కని దింపి నీడన కూచోబెట్టాడు. తరవాత వంగిపోయిన నా చక్రం విప్పి నన్ను లాగాడు. నాలోంచి గ్లాసుడు ఎర్రనీళ్ళు కారాయి.

చిలకమ్మ ఏడవలేదు. మొగుణ్ణి చూసి ఒకటే అడిగింది. "మా తమ్ముడు ఆ పందెం పొద్దు టైర్లని మొత్తుకున్నాడు. నీకు తెల్సు కదేటయ్యా?"

సోంబాబు ఆవిడ చేతికి కట్టు కట్టించాడు. ఆనక నన్ను చంకన పెట్టుకుని స్టాండుకి నడిచాడు. టీకొట్టు బల్ల మీద నన్ను పెట్టి అందరినీ పిలిచాడు.

"ఆ పొద్దు నెగ్గింది బ్రేకు కాదు. రగునాతు టైర్లు గుండైపోనాయని నాకు ముందే తెల్సు. తెల్సే అదే రోజు పందెం ఎట్టించినాను. మీరందరూ ముందు సక్రాల బ్రేకులు మార్పించుకోండి."

రఘునాథ్ అడిగాడు, "మరి ఇన్నాళ్ళూ సెప్పనేదేటి బావా?"

"నెగ్గీసినాను కదరా," అన్నాడు సోంబాబు. "నెగ్గీసినాక ఎలగ సెప్పుతాన్రా?"

ఆ మాటకి నాకు అతని మీద కోపం పోయింది. ఆ మూతలోపల ఎంత ఊపిరాడదో నాకు తెలుసు.

ఇప్పుడు నేను షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. వాన పడితే తడుస్తాను, ఎండొస్తే ఆరతాను, నా నుంచి ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ఒక్కొక్క జీపూ పట్నం వెళ్ళి వస్తోంది, దాని ముందు చక్రాల డ్రమ్ములు వచ్చి నా పక్కన పడుతున్నాయి. ఇరవై మందిమి అయ్యాం. పదకొండో జీపు అసిరినాయుడిది. "బావమరిది మీద ప్రేమకొద్దీ సోంబాబు అలగన్నాడు గాని, కంపెనీ బ్రేకు నెగ్గడం నా కళ్ళతో నాను సూసినాను," అంటాడు. ఎంతమంది చెప్పినా వినడు. సోంబాబు రోజూ వెళ్ళి బతిమాలుతున్నాడు.

ఈ ఉదయం కూడా ఆ జీపు తొమ్మిది మందిని ఎక్కించుకుని గెడ్డ వైపు వెళ్ళింది.